సముద్రం పెరిగిందా, నేల కుంగిందా? మూడు వందల ఏళ్ల లెక్క

ఇవాళ్టి కథ ఒక రైల్వే బోర్డు దగ్గర మొదలవుతుంది. అక్కడి నుంచి స్వీడన్, ఇటలీ, కచ్, అండమాన్ తిరిగి, చివరికి మన కృష్ణా గోదావరి డెల్టాలకు చేరుతుంది. మధ్యలో లెక్కలు వస్తాయి. భయపడకండి, కూడికలు తీసివేతలు దాటవు.

రైల్వే స్టేషన్‌లో పసుపు బోర్డు మీరంతా చూసే ఉంటారు. ఊరి పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కింద చిన్నగా "ఎం.ఎస్.ఎల్." అని, పక్కన ఇన్ని మీటర్లు అని ఒక అంకె ఉంటుంది. మీన్ సీ లెవెల్, అంటే సగటు సముద్ర మట్టం. ఆ స్టేషన్ సముద్రం కంటే అన్ని మీటర్ల ఎత్తులో ఉందని దాని అర్థం.

బాగానే ఉంది. కానీ ఏ సముద్రం? ఎప్పటి సముద్రం? మన తీరంలో సముద్రం రోజుకు రెండుసార్లు పోటెక్కుతుంది, రెండుసార్లు పాటు తీస్తుంది. అమావాస్యకు, పున్నమికి ఇంకా పొంగుతుంది. వానాకాలంలో ఒక మట్టం, వేసవిలో ఒక మట్టం. తుఫాను వస్తే ఇక చెప్పక్కర్లేదు. క్షణం కూడా నిలవని దాన్ని పట్టుకుని, ఇదిగో ఇదే సున్నా అని ఎలా చెప్పారు?

దానికంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. మీరు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నారు. పక్క ట్రాక్ మీద ఇంకో రైలు ఆగి ఉంది. ఉన్నట్టుండి కదలిక మొదలైంది. కదిలింది మన రైలా, పక్క రైలా? ఒక్క క్షణం అర్థం కాదు కదా. అప్పుడేం చేస్తాం? అటువైపు తిరిగి ప్లాట్‌ఫారం చూస్తాం. అది కదలదు కాబట్టి సంగతి తేలిపోతుంది.

ఒడ్డున నిలబడి సముద్రాన్ని కొలిచే మనిషికి ఆ ప్లాట్‌ఫారం లేదు. ఎందుకంటే అతను నిలబడ్డ నేల కూడా కదులుతుంది. చాలా నెమ్మదిగా, ఏడాదికి మిల్లీమీటర్ల లెక్కన. కొన్ని చోట్ల లేస్తుంది, కొన్ని చోట్ల కుంగుతుంది. అందుకే గోడ మీద గీసిన గీత దగ్గరికి నీళ్లు వచ్చాయంటే సముద్రం పెరిగి ఉండొచ్చు, గోడే దిగి ఉండొచ్చు, రెండూ జరిగి ఉండొచ్చు. ఈ ముడి విప్పడానికి మనుషులకు దాదాపు మూడు వందల ఏళ్లు పట్టింది. ఆ కథే ఇవాళ్టి ఎపిసోడ్.

మొదట స్వీడన్ వెళ్దాం. స్వీడన్‌కు, ఫిన్‌లాండ్‌కు మధ్య బోత్నియా అఖాతం ఉంది. ఆ తీరంలో ఉండేవాళ్లకు ఒక విషయం తరతరాలుగా తెలుసు. సముద్రం వెనక్కి పోతోంది. తాతలు పడవలు కట్టిన చోట మనవలు పశువులు మేపుకుంటున్నారు. లూలియో అనే రేవు పట్టణాన్ని 1621లో స్థాపించారు. ముప్పై ఏళ్లు తిరక్కుండానే రేవులో లోతు చాలక 1649లో ఊరినే సముద్రం వైపు కొన్ని కిలోమీటర్లు జరపాల్సి వచ్చింది.

దీన్ని లెక్కకట్టాలని ఒకాయన పూనుకున్నాడు. పేరు అండర్స్ సెల్సియస్. అవును, వాతావరణ వార్తల్లో మనం రోజూ వినే "డిగ్రీల సెల్సియస్" ఆయన పేరే. ఆయన ఖగోళ శాస్త్రవేత్త. థర్మామీటర్ సంగతి తరువాత. అంతకుముందే ఆయన సముద్రం వెంటపడ్డాడు.

పాతకాలంలో నీటి మట్టం ఎంత ఉండేదో తెలియాలి. కొలిచి రాసిపెట్టినవాళ్లు ఎవరూ లేరు. మరి ఎలా? సెల్సియస్ పట్టుకున్న ఆధారం భలే ఉంటుంది. సీల్ రాళ్లు.

సీల్ అనే జంతువు నీళ్లలోంచి ఎక్కి రాళ్ల మీద పడుకుంటుంది. అక్కడే వేటగాళ్లు దాన్ని పట్టేవాళ్లు. అందుకని అలాంటి రాయి అంటే ఆస్తే. మన దగ్గర చేపల చెరువులాగా అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, పన్ను కట్టేవాళ్లు. కాగితాలు ఉండేవి. ఇప్పుడు ఆలోచించండి. సీల్ ఎక్కగలగాలంటే రాయి పైభాగం నీటికి కాస్త పైన ఉండాలి, అంతే. ఎత్తు ఎక్కువైతే ఎక్కలేదు. కాబట్టి ఫలానా రాయి 1563లో వేటకు పనికొచ్చిందని కాగితంలో ఉంటే, ఆ ఏడాది నీటి మట్టం ఆ రాయి నెత్తి దగ్గరే ఉందని అర్థం. సెల్సియస్ అలాంటి రాళ్ల దగ్గరికి వెళ్లి, ఇప్పుడు అవి నీటికి ఎంత పైన ఉన్నాయో కొలిచాడు. పన్ను కాగితంలోంచి సముద్ర మట్టాన్ని బయటికి తీశాడన్నమాట!

లెక్క తేలింది. వందేళ్లకు సుమారు నాలుగున్నర అడుగులు. ఏడాదికి సెంటీమీటరు పైనే. ఇది నిజమో కాదో తరువాతివాళ్లు చూసుకోవాలని 1731లో యెవ్లే పట్టణం దగ్గర లోవ్‌గ్రుండ్ అనే దీవిలో ఒక రాయి మీద నీటి మట్టం దగ్గర గుర్తు చెక్కించాడు. తన కాలంలో జవాబు రాదని తెలిసి, రాబోయే తరాల కోసం వేసిన గుర్తు అది. ఇప్పటికీ ఉంది. ఇవాళ అది నీటికి దాదాపు రెండు మీటర్ల పైన ఉంది.

కొలత బాగుంది. కానీ కారణం దగ్గర సెల్సియస్ తప్పు రైలు చూశాడు. నీరే తగ్గిపోతోందని ఆయన అనుకున్నాడు. 1743లో అలాగే ప్రచురించాడు. పెద్ద గొడవ అయింది. నీరు ఇలా తగ్గుతూ వస్తోందంటే, ఒకప్పుడు స్వీడన్ అంతా నీళ్ల కిందే ఉండాలి కదా! మరి బైబిల్ చెప్పిన సృష్టి కాలానికి ఇది ఎలా కుదురుతుంది? మతపెద్దలకు నచ్చలేదు. వాదోపవాదాలు దశాబ్దాలు నడిచాయి.

జవాబు ఇచ్చింది కొత్త పరికరం కాదు, మామూలు తర్కం. బిందెలో నీళ్లు ఒక పక్క మాత్రమే తగ్గవు కదా. సముద్రాలన్నీ కలిసే ఉన్నాయి. స్వీడన్ ఉత్తరాన వందేళ్లకు నాలుగడుగులు తగ్గితే మిగతా తీరాల్లోనూ అంతే తగ్గాలి. తగ్గడం లేదు. స్వీడన్‌లోనే దక్షిణ కొసకు వెళ్తే ఈ మార్పు కనిపించదు. కాబట్టి నీరు కాదు, నేలే లేస్తోంది. స్కాట్లండ్‌కు చెందిన జాన్ ప్లేఫెయిర్ 1802లో ఇలా వాదించాడు. కొన్నేళ్లకు జర్మన్ భూగర్భ శాస్త్రవేత్త లియోపోల్డ్ ఫాన్ బుక్ స్వయంగా స్వీడన్ తిరిగి, అదే మాట చెప్పాడు.

కానీ నేల లేవడం అంటే నమ్మబుద్ధి కాదు కదా? నమ్మించిన చోటు ఇటలీలో ఉంది. నేపుల్స్ పక్కన పొట్సువోలి అనే ఊరు. అక్కడ 1750లో తవ్వకాల్లో రోమన్ల కాలం నాటి కట్టడం బయటపడింది. సెరాపిస్ అనే దేవుడి విగ్రహం దొరికింది కాబట్టి గుడి అనుకున్నారు. నిజానికి అది సంత, మార్కెట్. మూడు పెద్ద పాలరాతి స్తంభాలు నిలబడే ఉన్నాయి. ఒక్కోటి పన్నెండు మీటర్ల పైనే.

ఆ స్తంభాల మీద వింత ఏమిటంటే, కింది భాగం నున్నగా ఉంటుంది. సుమారు మూడున్నర మీటర్ల ఎత్తు నుంచి ఆరు మీటర్ల పైదాకా నిండా చిల్లులు. ఆ పైన మళ్లీ నున్నగా. చిల్లులు చేసింది రాతిని తొలుచుకుని బతికే ఒక రకం ఆల్చిప్ప. అది సముద్రపు నీళ్లలోనే బతుకుతుంది. అంటే పొడి నేల మీద కట్టిన సంత, ఆ తరువాత ఎప్పుడో ఆరు మీటర్ల లోతు నీళ్లలో చాలాకాలం నిలబడింది. కింది భాగం అప్పటికే మట్టిలో కూరుకుపోయి ఉండబట్టి ఆల్చిప్పలు తొలవలేదు. మళ్లీ పైకి లేచింది. ఇంత జరిగినా స్తంభాలు పడిపోలేదు!

సముద్రమే ఆరు మీటర్లు పెరిగి తగ్గి ఉంటే మధ్యధరా చుట్టూ ఉన్న రేవులన్నీ మునిగి తేలాలి. అలా జరగలేదు. పొట్సువోలి ఉన్నదే అగ్నిపర్వత ప్రాంతం మీద. కింద వేడి, ఒత్తిడి పెరిగితే ఊరు లేస్తుంది, తగ్గితే దిగుతుంది. ఇది పాత కథ కూడా కాదు. 1982 నుంచి 1984 లోపు ఆ ఊరు దాదాపు 1.8 మీటర్లు లేచింది. రేవులో పడవలు ఒడ్డుకు చేరలేని పరిస్థితి వచ్చింది.

ఈ స్తంభాల బొమ్మను చార్లెస్ లయెల్ 1830లో తన "ప్రిన్సిపుల్స్ ఆఫ్ జియాలజీ" పుస్తకం మొదట్లోనే వేశాడు. అంత పెద్ద సాక్ష్యం అది. తమాషా ఏమిటంటే, ఇటలీలో నేల కదిలిందని ఒప్పుకున్న లయెల్‌కు స్వీడన్ విషయంలో అనుమానం తీరలేదు. అక్కడ అగ్నిపర్వతాలు, పెద్ద భూకంపాలు లేవు కదా, నేల ఎందుకు లేస్తుంది? చెప్పుడు మాటలతో సరిపెట్టుకోకుండా 1834లో స్వీడన్ వెళ్లాడు. సెల్సియస్ గుర్తు చూశాడు. ఊళ్లవాళ్లతో మాట్లాడాడు. నిజమేనని ఒప్పుకున్నాడు.

కారణం మాత్రం ఇంకో ముప్పై ఏళ్లకు, 1865లో, థామస్ జేమీసన్ చెప్పాడు. మంచుయుగంలో ఆ ప్రాంతం మీద కిలోమీటర్ల మందాన మంచు పేరుకుని ఉండేది. ఆ బరువుకు నేల అణిగింది. మంచు కరిగి సుమారు పదివేల ఏళ్లయింది. కానీ నేల ఇంకా పైకి లేస్తూనే ఉంది. దూది పరుపు మీద కూర్చుని లేస్తే గుంట మెల్లగా పూడుతుంది చూడండి, అలా. ఇవాళ్టికీ బోత్నియా అఖాతం ఉత్తర భాగంలో నేల ఏడాదికి ఒక సెంటీమీటరు దాకా లేస్తోంది.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. లయెల్ పుస్తకంలో పొట్సువోలితో పాటు మన ప్రస్తావన కూడా ఉంది. 1819 జూన్ 16న గుజరాత్‌లోని కచ్‌లో భారీ భూకంపం వచ్చింది. సింద్రీ అనే కోట ఉన్న నేల కుంగి, నీళ్లు చుట్టుముట్టాయి. దానికి ఉత్తరాన పదుల కిలోమీటర్ల పొడవున నేల గట్టులాగా లేచి నిలబడింది. మనుషులు కట్టిన కట్ట కాదు కదా, దేవుడు వేసిన కట్ట అని జనం దానికి "అల్లా బంద్" అని పేరు పెట్టారు.

మరి ఆ తీరం ఇంకా కదులుతోందా? ఈ ప్రశ్న సర్వే ఆఫ్ ఇండియా వాళ్లను పట్టుకుంది. మన దేశంలో శాస్త్రీయంగా సముద్ర మట్టం కొలిచే పని ఊపందుకున్నది ఈ ప్రశ్న వల్లే. 1870ల మొదట్లో సర్వే అధిపతి జె.టి. వాకర్ ఈ పనిని ఎ.డబ్ల్యు. బెయిర్డ్ అనే ఇంజనీరు అధికారికి అప్పగించాడు. బెయిర్డ్ కచ్ అఖాతంలో ఓఖా, హన్స్టల్, నవానార్ అనే మూడు చోట్ల టైడ్ గేజ్‌లు పెట్టాడు.

టైడ్ గేజ్ అంటే ఏమిటో ఇక్కడ చెప్పుకుందాం. ఒడ్డున ఒక బావి లాంటిది. అడుగున చిన్న రంధ్రంతోనో గొట్టంతోనో సముద్రంతో కలిపి ఉంటుంది. రంధ్రం చిన్నది కాబట్టి బయట అలలు ఎగిసిపడుతున్నా బావిలో నీరు నిదానంగా ఉంటుంది. పోటు పాట్లతో మాత్రం లేస్తుంది, దిగుతుంది. ఆ నీటి మీద ఒక తేలే బిళ్ల. దానికి తీగ, తీగ చివర పెన్సిల్. గడియారంతో తిరిగే డ్రమ్ము మీద కాగితం చుట్టి ఉంటుంది. నీరు లేస్తే పెన్సిల్ కదులుతుంది, గీత పడుతుంది. రాత్రింబవళ్లు సముద్రమే తన సంతకం తను పెట్టుకుంటుంది. ఇంగ్లండ్‌లో 1830ల నుంచి ఇలాంటి యంత్రాలు వాడుకలో ఉన్నాయి.

ఇంకో ముఖ్యమైన భాగం ఉంది. దగ్గర్లో గట్టి రాతి మీద ఒక గుర్తు పెడతారు. దాన్ని బెంచ్ మార్క్ అంటారు. గేజ్ పాడైనా, మార్చినా, ఆ గుర్తుతో పోల్చి పాత లెక్క కొనసాగిస్తారు. గుర్తు పోతే రికార్డు పోయినట్టే.

కచ్‌లో ఒక ఏడాది కొలిస్తే నేల కదలిక తేలదు. తేలాలంటే దశాబ్దాలు కావాలి. ఎందుకంటే చంద్రుడి దారి వంపు మారే చక్రం ఒక్కటే 18.6 ఏళ్లు. ఆ చక్రం ఒక్కసారైనా పూర్తిగా తిరిగితే కానీ సగటుకు నమ్మకం రాదు. కానీ బెయిర్డ్ నేర్చుకున్న పద్ధతి వృథా పోలేదు. 1870ల చివరి నుంచి దేశం చుట్టూ రేవుల్లో గేజ్‌లు వచ్చాయి. ముంబై అపోలో బందర్ రికార్డు 1878 నుంచి ఉంది. ఆసియాలోనే అత్యంత పాత రికార్డుల్లో అది ఒకటి. ఈ రేవుల ఆటుపోట్లను ముందుగా లెక్కకట్టడానికి ఎడ్వర్డ్ రాబర్ట్స్ 1879లో లండన్‌లో పళ్ల చక్రాలు, కప్పీలతో ఒక యంత్రమే తయారు చేయించాడు. కంప్యూటర్ లేని రోజుల్లో అదే కంప్యూటర్.

ఎందుకు పెట్టారో దానికే కాదు, ఎవరూ ఊహించని వాటికీ ఆ గేజ్‌లు సాక్ష్యం చెప్పాయి. 1881 డిసెంబరు 31న నికోబార్ దగ్గర భూకంపం వస్తే, ఆ సునామీ బంగాళాఖాతం చుట్టూ ఉన్న గేజ్‌ల కాగితాల మీద గీతలుగా పడింది. 1883లో ఇండోనేషియాలో క్రాకటోవా అగ్నిపర్వతం పేలితే దాని అలలు కూడా నమోదయ్యాయి. నూట ఇరవై ఏళ్ల తరువాత శాస్త్రవేత్తలు ఆ గీతల నుంచి 1881 భూకంపం ఎంత పెద్దదో తిరిగి లెక్కకట్టారు.

ఇప్పుడు రైల్వే బోర్డు ప్రశ్నకు జవాబు. 1858లో మొదలైన దేశవ్యాప్త ఎత్తుల సర్వే 1909కి పూర్తయింది. దానికి తొమ్మిది రేవుల సగటు సముద్ర మట్టాన్ని సున్నాగా పెట్టుకున్నారు. కరాచీ, ముంబై, కార్వార్, బేపూర్, కొచ్చి, నాగపట్నం, మద్రాసు, విశాఖపట్నం, ఒడిశాలోని ఫాల్స్ పాయింట్. అవును, మన విశాఖ కూడా అందులో ఉంది. తొమ్మిది చోట్లా సముద్రం ఒకే మట్టంలో ఉందని అనుకుని లెక్క వేశారు. నిజానికి అలా ఉండదు. బంగాళాఖాతం నీటిలో ఉప్పు తక్కువ, అందుకే తేలిక. దాని మట్టం అరేబియా సముద్రం కంటే కాస్త ఎక్కువే. అయినా రోడ్లకు, కాలువలకు, రైళ్లకు ఆ సున్నా సరిపోయింది.

కానీ వాతావరణ మార్పు లెక్కకు మిల్లీమీటర్లు కావాలి. ఇక్కడ పాత రికార్డులు బంగారం అయ్యాయి. ప్రపంచంలో చాలాకాలంగా దాదాపు ఎడతెగకుండా నడుస్తున్న రికార్డుల్లో స్టాక్‌హోమ్‌ది ప్రసిద్ధం. 1774 నుంచి ఉంది. ఒక సరస్సుకూ సముద్రానికీ మధ్య పడవలు దాటించే లాకు దగ్గర పనిచేసేవాళ్లు తమ పని కోసం రాసుకున్న నీటి లెక్క అది. వాళ్లకు గ్లోబల్ వార్మింగ్ అనే మాటే తెలియదు.

ఆ రికార్డు చూస్తే, పంతొమ్మిదో శతాబ్దం చివరిదాకా అక్కడ సముద్రం ఏడాదికి సుమారు 5 మిల్లీమీటర్లు దిగుతున్నట్టు కనిపిస్తుంది. ఆ తరువాతి వందేళ్లలో సుమారు 4 మిల్లీమీటర్లే. నేల లేవడం వేలఏళ్ల వ్యవహారం, వంద రెండొందల ఏళ్లలో దాని వేగం మారదు. మరి ఆ తేడా 1 మిల్లీమీటరు ఎక్కడిది? సముద్రం పెరగడం మొదలైంది. దిగిపోతున్నట్టు కనిపించే సముద్రంలో కూడా పెరుగుదల దొరికింది!

ఇప్పుడు ముంబై, కోల్‌కతా పక్కపక్కన పెట్టండి. ముంబై, విశాఖ లాంటి చోట్ల ఇరవయ్యో శతాబ్దపు రికార్డుల్లో పెరుగుదల ఏడాదికి 1 మిల్లీమీటరు చుట్టుపక్కల. కోల్‌కతాకు దిగువన హుగ్లీ నది మీద ఉన్న డైమండ్ హార్బర్‌లో 5 మిల్లీమీటర్ల పైనే. ఒకే దేశం, ఒకే కాలం. సముద్రం బెంగాల్ మీద పగబట్టిందా? లేదు. ముంబై గట్టి రాతి మీద ఉంది. డైమండ్ హార్బర్ డెల్టా ఒండ్రు మీద ఉంది. అక్కడ నేల దిగుతోంది.

నేల ఒక్కరోజులో ఎంత మారగలదో 2004 డిసెంబరు 26న చూశాం. సునామీ గురించి అందరికీ తెలుసు. కానీ ఆ ఉదయం అండమాన్ నికోబార్ దీవులు ఊయల బల్లలాగా ఒరిగిపోయాయి. ఉత్తర అండమాన్‌లో నేల లేచి, నీళ్ల అడుగున ఉండాల్సిన పగడపు దిబ్బలు బయటపడి ఎండిపోయాయి. తెలుగువాళ్లు చాలామంది ఉన్న పోర్ట్ బ్లెయిర్, ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు, అక్కడ నేల సుమారు ఒక మీటరు దిగింది. పక్కన సిప్పీఘాట్ పొలాల్లోకి ఉప్పునీరు వచ్చి తిష్ఠ వేసింది. దేశం దక్షిణ కొస ఇందిరా పాయింట్ 4.25 మీటర్లు కుంగింది. అక్కడి లైట్‌హౌస్ నీళ్లలో నిలబడింది. ఉత్తరాన ఉన్నవాళ్లను అడిగితే సముద్రం తగ్గిందంటారు, దక్షిణాన అడిగితే పెరిగిందంటారు. ఇద్దరూ చూసింది ఒకే సముద్రం.

మరి ప్లాట్‌ఫారం ఎప్పుడు దొరికింది? ఆకాశంలో దొరికింది. 1992 ఆగస్టులో అమెరికా, ఫ్రాన్స్ కలిసి టోపెక్స్ పొసైడాన్ అనే ఉపగ్రహాన్ని పంపాయి. 1,336 కిలోమీటర్ల ఎత్తు నుంచి రాడార్ తరంగం వదులుతుంది, అది సముద్రాన్ని తాకి తిరిగొచ్చిన సమయాన్ని బట్టి ఎత్తు కొలుస్తుంది. అది భూమి కేంద్రం నుంచి వేసే లెక్క, ఒడ్డు నుంచి కాదు. ఆ వరుసలో తరువాత జేసన్ ఉపగ్రహాలు వచ్చాయి. మన ఇస్రో కూడా ఫ్రాన్స్‌తో కలిసి 2013 ఫిబ్రవరిలో సరళ్ అనే ఉపగ్రహాన్ని ఇదే పని కోసం శ్రీహరికోట నుంచి పంపింది. 1993 నుంచి ఇప్పటిదాకా ప్రపంచ సగటు సముద్ర మట్టం సుమారు పది సెంటీమీటర్లు పెరిగింది. వేగం కూడా పెరుగుతోంది. కారణాలు రెండు. వేడెక్కిన నీరు ఉబ్బుతుంది, మంచు కరిగి నీరవుతుంది.

ఇక నేల సంగతి. మీ ఫోన్‌లో దారి చూపించే జీపీఎస్ అన్నయ్య ఒకడున్నాడు. శాస్త్రవేత్తల జీపీఎస్. దాన్ని టైడ్ గేజ్ పక్కన గట్టిగా పాతి ఏళ్ల తరబడి కదపకుండా ఉంచితే, నేల ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లు లేచిందో దిగిందో చెబుతుంది. అప్పుడు లెక్క తేలికే. ఉదాహరణకు సముద్రం ఏడాదికి 3 మిల్లీమీటర్లు పెరుగుతోంది, నేల 2 దిగుతోంది అనుకోండి. గేజ్ 5 చూపిస్తుంది. అదే సముద్రం, కానీ నేల 5 లేస్తోంది అనుకోండి. గేజ్ 2 తగ్గినట్టు చూపిస్తుంది. సెల్సియస్‌కు దొరకని రెండో అంకె ఇదే.

సరే, ఇదంతా మనకెందుకు? ఎందుకంటే మన అన్నం పండేది డెల్టాల్లో. డెల్టా అంటే నది వేల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రు. కొత్తగా పోసిన మట్టి కట్ట కొన్నాళ్లకు అణుగుతుంది చూడండి, డెల్టా కూడా అలా తన బరువుకు తనే అణుగుతూ ఉంటుంది. అది సహజం. వరదలు ఏటా కొత్త ఒండ్రు తెచ్చి ఆ లోటు పూడ్చేవి.

ఇప్పుడు ఆ ఒండ్రు ఎక్కడ ఆగుతోంది? జలాశయాల అడుగున. 2009లో జేమ్స్ సివిట్‌స్కీ బృందం నేచర్ జియోసైన్స్ పత్రికలో ప్రపంచంలోని 33 డెల్టాల మీద అధ్యయనం ప్రచురించింది. అందులో మన కృష్ణా డెల్టాను అత్యంత ప్రమాదంలో ఉన్నవాటి వరుసలో పెట్టారు. గోదావరి డెల్టా కూడా ప్రమాదపు జాబితాలోనే ఉంది. కృష్ణ డెల్టాకు చేరే ఒండ్రు 90 శాతానికి పైగా తగ్గిపోయిందని ఆ లెక్క.

ఆనకట్టలు కట్టకుండా ఉండాల్సిందని ఎవరూ అనలేరు. ధవళేశ్వరం ఆనకట్ట లేకపోతే కోనసీమ కోనసీమ కాదు, నాగార్జునసాగర్ లేకపోతే లక్షల ఎకరాలకు నీళ్లు లేవు. కానీ ఆ మేలుకు ఒక ఖర్చు ఉంది, అది నది చివర ఉన్న ఊళ్లు కడుతున్నాయి. దానికి తోడు ఎక్కడైనా భూగర్భ జలాలు, చమురు, గ్యాస్ ఎక్కువగా తోడితే నేల ఇంకా త్వరగా కుంగుతుంది. పైనుంచి సముద్రం పెరుగుతోంది. తిలా పాపం తలా పిడికెడు.

అందుకే ఏ పిడికెడు ఎవరిదో విడివిడిగా కొలవాలి. ఎందుకంటే మందు వేరు. సముద్రం పెరగడాన్ని ఒక ఊరో, ఒక రాష్ట్రమో ఆపలేదు, అది ప్రపంచమంతా కలిసి చేయాల్సిన పని. కానీ నేల కుంగడం చాలావరకు స్థానిక వ్యవహారం. టోక్యో నగరంలో కొన్ని పేటలు భూగర్భ జలాలు తోడడం వల్ల ఇరవయ్యో శతాబ్దంలో నాలుగు మీటర్ల పైగా కుంగాయి. తోడకం మీద ఆంక్షలు పెట్టాక కుంగడం దాదాపు ఆగింది. దిగిన నేల తిరిగి రాలేదు, కానీ ఇంకా దిగకుండా ఆపగలిగారు. అంతా వాతావరణ మార్పే అని వదిలేస్తే ఈ మందు చేతికే రాదు. అంతా నేల కుంగడమే అనుకుంటే పెరిగే సముద్రం మీద కన్ను పోతుంది. తీరపు కోత ఇంకో లెక్క. ఉప్పాడ లాంటి చోట ఒడ్డు కోసుకుపోవడంలో అలలు, ఇసుక కదలిక కూడా ఉంటాయి. రోగం తెలియకుండా మందు వేస్తే, కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది.

మంచి వార్త ఏమిటంటే, కొలిచే సాధనాలు ఇప్పుడు మన చేతిలోనే ఉన్నాయి. మన తీరపు టైడ్ గేజ్‌ల సమాచారం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌కు చేరుతుంది. సముద్రం లేని ఊళ్లో సముద్రాన్ని రాత్రింబవళ్లు చూసే ఆఫీసు అది. సునామీ హెచ్చరికలు ఇచ్చేదీ అక్కడి నుంచే. 2025 జూలై 30న ఇస్రో, నాసా కలిసి చేసిన నైసార్ ఉపగ్రహం శ్రీహరికోట నుంచి ఎగిరింది. అది రాడార్‌తో భూమి నేలంతటినీ పదే పదే చూస్తూ, సెంటీమీటరు స్థాయిలో ఎక్కడ లేచిందో, ఎక్కడ కుంగిందో పట్టుకుంటుంది.

కానీ ఉపగ్రహం పాతకాలాన్ని చూడలేదు. 1878లో ముంబైలో నీరు ఎక్కడ ఉందో ఆ కాగితమే చెప్పాలి. 2100లో ఎవరో మన కాలం గురించి అడిగితే, ఇవాళ ఒడ్డున ఎవరూ చప్పట్లు కొట్టని చోట నడుస్తున్న గేజ్, దాని పక్కన ఉన్న బెంచ్ మార్క్ రాయే జవాబు చెప్పాలి. కొత్త జెట్టీ కడుతూ ఆ రాయిని పీకేస్తే వందేళ్ల లెక్క తెగిపోతుంది.

ఈసారి మీ ఫోన్‌లో "సముద్రం ఊరిని మింగేస్తోంది" అని ఏదైనా వీడియో వస్తే, షేర్ చేసే ముందు మూడు ప్రశ్నలు అడగండి. దేనితో పోల్చి కొలిచారు? ఎన్నేళ్లు కొలిచారు? కదిలింది నీరా, నేలా, రెండూనా?

మీ ఊరు సముద్రం ఒడ్డున ఉంటే, పెద్దవాళ్లను అడిగి చూడండి. ముప్పై, నలభై ఏళ్ల కింద నీళ్లు ఎక్కడ ఉండేవి, ఏ గుడి మెట్టు దాకా, ఏ తాడిచెట్టు దాకా వచ్చేవి అని. పేరు, చోటు, ఏడాది రాసిపెట్టి కింద కామెంట్లో పంపండి. సీల్ రాళ్ల కాగితాలు రాసినవాళ్లు కూడా శాస్త్రం కోసం రాయలేదు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.